ఓడిపోయిన కార్బైన్‌లనే ముందు కొనండి

అమెరికా సివిల్ వార్ (1861లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య మొదలైన అంతర్యుద్ధం) నాటి అశ్వికదళ కార్బైన్‌లు, అంటే గుర్రపు సైనికులు వాడిన పొట్టి తుపాకులు, సేకరించేవాళ్ళలో ఎవరిని కదిపినా ముందు రెండే పేర్లు వస్తాయి: షార్ప్స్, స్పెన్సర్. గన్ షోలో జనం మూగేది వాటి చుట్టూనే, ధర పలికేదీ వాటికే. అదే టేబుల్ మీద ఉన్న గాలగర్‌నో, స్టార్‌నో, స్మిత్‌నో ఒకసారి చేతిలోకి తీసుకుని, లీవరు ఆడించి, మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. "ఇది సైనికులకే నచ్చలేదండీ" అంటారు. నచ్చని మాట నిజమే. ఆ కారణంగానే దాన్ని ముందు కొనాలని నా వాదన. షార్ప్స్, స్పెన్సర్ మాత్రమే పెట్టుకుంటే మన దగ్గర ఉండేది జవాబు ఒక్కటే. ప్రశ్న ఏమిటో, ఆ జవాబు దొరికేలోపు ఎంతమంది ఎన్ని దారులు తొక్కారో, ఆ దారుల్లో సైనికులు ఏం పడ్డారో చెప్పేవి పక్కన పడేసిన తుపాకులే.

ప్రశ్న ఏమిటో ముందు చెప్తాను. గుర్రం మీద కూర్చున్నవాడు గొట్టం మూతిలోంచి మందు నింపడం ఎంత యాతనో ఊహించండి. ఒక చేతిలో కళ్ళెం ఉంటుంది. మిగిలిన చేత్తోనే మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దిగగొట్టాలి. గుర్రమేమో ఒకచోట నిలవదు. అందుకే తుపాకీని వెనకనుంచి నింపే పద్ధతి కోసం పదాతిదళం కన్నా అశ్వికదళం ఎక్కువ తహతహలాడింది. కానీ గొట్టం వెనక తెరిచి మూసే ఏర్పాటు పెట్టామంటే అక్కడ ఒక అతుకు వచ్చినట్టే. మందు పేలగానే పుట్టే గ్యాస్ ఆ అతుకులో ఏ చిన్న సందు ఉన్నా దూసుకొస్తుంది. ఆ సందు సైనికుడి మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. ఆ సెగని ఆపడం ఎలా? 1830ల నుంచి 1860ల దాకా ఈ కార్బైన్‌ల కథంతా దాదాపు ఈ ఒక్క ప్రశ్నే. నా గదిలో అవి తయారైన సంవత్సరం ప్రకారమో, వాడిన రెజిమెంటు ప్రకారమో ఉండవు. ఈ ప్రశ్నకి ఎవరు ఏమని జవాబిచ్చారన్న వరసలో ఉంటాయి.

వరసలో మొదటిది హాల్. మెయిన్ రాష్ట్రానికి చెందిన జాన్ హాల్ 1811లో పేటెంట్ తీసుకుని, తర్వాత హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారంలో తన రైఫిళ్ళు తయారుచేయించాడు. గొట్టం వెనక ఉన్న ఇనుప దిమ్మ పైకి లేస్తుంది. అందులో మందూ గుండూ పెట్టి, దిమ్మని కిందికి నొక్కితే గొట్టానికి ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. 1833లో అమెరికా కొత్తగా డ్రాగూన్ (గుర్రపు సైనికుల) రెజిమెంటు పెట్టినప్పుడు ఈ పద్ధతిలోనే కార్బైన్‌లు చేయించింది. కనెటికట్‌లోని మిడిల్‌టౌన్‌లో సిమియన్ నార్త్ వాటిని తయారుచేశాడు. ఒక తుపాకీ విడిభాగం ఇంకో తుపాకీలో సరిగ్గా కూర్చునేలా హాల్ సాధించిన పనితనం ఆ తర్వాత వచ్చిన యంత్ర పరిశ్రమకే పునాది. సెగ విషయంలో మాత్రం ఆయన దగ్గర పరిష్కారం లేదు. దిమ్మకీ గొట్టానికీ మధ్య సందు ఎంత సన్నగా చేసినా గ్యాస్ వచ్చేది, వాడేకొద్దీ ఆ సందు పెరిగేది.

1861లో యుద్ధం మొదలయ్యాక ఈ హాల్ కార్బైన్‌లతో జరిగిన బేరం చెప్పకుండా ఉండలేను. పాతబడ్డాయని ప్రభుత్వం 5,000 కార్బైన్‌లని ఒక్కోటి మూడున్నర డాలర్లకి అమ్మేసింది. కొన్నవాడు పన్నెండున్నరకి ఇంకొకడికి అమ్మాడు. ఆ రెండోవాడు వాటిని జనరల్ ఫ్రెమాంట్ సైన్యానికి ఇరవైరెండు డాలర్లకి అంటగట్టాడు. తన తుపాకుల్నే ప్రభుత్వం ఆరు రెట్లకి పైగా పెట్టి తిరిగి కొనుక్కుంది. మధ్యలో అప్పిచ్చినవాడు, తర్వాత పెద్ద బ్యాంకరుగా పేరుపొందిన, అప్పటికి యువకుడైన జె.పి.మోర్గాన్. ఆ ఏడాది కార్బైన్‌ల కోసం సైన్యం ఎంత తల్లడిల్లిందో ఈ ఒక్క బేరం చాలు చెప్పడానికి.

షార్ప్స్ గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాని గురించి రాసినవాళ్ళు లెక్కలేనంతమంది. క్రిస్టియన్ షార్ప్స్ పని నేర్చింది హాల్ దగ్గరే. 1848లో పేటెంట్ తీసుకున్నాడు. ట్రిగ్గర్ గార్డునే లీవరుగా కిందికి లాగితే ఇనుప దిమ్మ నిట్టనిలువునా దిగుతుంది. గుడ్డతోనో కాగితంతోనో చుట్టిన తూటా లోపల పెట్టి లీవరు మూస్తే, పైకి వచ్చే దిమ్మ అంచు తూటా తోకని కోసేస్తుంది. మందు బయటపడి నిప్పు అందుకోడానికి సిద్ధంగా ఉంటుంది. సెగని ఆపడానికి దిమ్మ ముందు రింగులు పెట్టారు. అయినా సెగ పూర్తిగా ఆగలేదు. సైన్యం దాదాపు 80,000 కొన్న ఈ కార్బైన్ కూడా అసలు ప్రశ్నకి పూర్తి జవాబు ఇవ్వలేదన్నమాట. అది గెలిచింది వేరే బలాల మీద: మొరటు వాడకాన్ని తట్టుకునే గట్టిదనం, తేలిగ్గా తయారయ్యే తూటా, కాల్చాక మిగిలే ఖాళీ తూటా తొడుగు వెనక్కి లాగే పని లేకపోవడం.

1859 అక్టోబరులో జాన్ బ్రౌన్, బానిసల్ని విడిపించాలని హార్పర్స్ ఫెర్రీ మీద దాడి చేసినప్పుడు అతని మనుషుల చేతుల్లో ఉన్నవి షార్ప్స్ కార్బైన్‌లు. వాళ్ళలో కొందరు ఆక్రమించింది హాల్ రైఫిళ్ళు తయారైన కర్మాగారాన్ని. శిష్యుడి తుపాకులు పట్టుకుని గురువు వర్క్‌షాపుని పట్టుకున్నట్టయింది. నేనుండే ఉత్తర వర్జీనియా నుంచి హార్పర్స్ ఫెర్రీ కారులో గంట పైచిలుకు దూరం. మన ఊళ్ళ నుంచి చుట్టాలు వస్తే చాలామంది వాషింగ్టన్ చూపించి పంపేస్తారు. నేను అక్కడికీ తీసుకెళ్తాను.

ఇక గాలగర్. నా వాదనకి ప్రాణం ఇదే.

1860 జులైలో మహ్లాన్ గాలగర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. ఫిలడెల్ఫియాలో రిచర్డ్‌సన్ అండ్ ఓవర్‌మన్ కంపెనీ తయారుచేసింది. ప్రభుత్వం సుమారు 22,000 కొన్నది. లీవరు దించితే గొట్టం ముందుకి జరిగి, తర్వాత మూతి కిందికి వంగుతుంది. తూటా తొడుగు సగం గొట్టంలో, సగం వెనకనున్న గుంటలో కూర్చుంటుంది. పేలినప్పుడు ఆ తొడుగు ఉబ్బి, రెండింటి మధ్య అతుకుని లోపలినుంచి మూసేస్తుంది. చూడండి, ఎంత తెలివైన ఆలోచనో! సందుని బయటనుంచి ఇనుముతో బిగించే బదులు, పేలుడు బలంతోనే లోపలినుంచి మూయించడం. ఇవాళ ప్రతి తూటా చేసే పని అదే.

మా మామయ్య విశాఖలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఈ గాలగర్‌ని చేతిలోకి తీసుకుని, రెండుసార్లు తెరిచి మూసి, కళ్ళజోడు సర్దుకుని అడిగారు: "ఒరేయ్, కాల్చాక ఖాళీ తొడుగు దేంతో లాగుతార్రా?"

"చేత్తోనే మామయ్యా."

"వేలికి అందేదేముందిరా అక్కడ? ఉబ్బింది కదా, పట్టేసి ఉంటుంది. వేడి కూడానూ."

ఆయనకి సివిల్ వార్ గురించి ఏమీ తెలియదు. ఈ కార్బైన్ వాడిన రెజిమెంట్లు ఆఫీసర్లకి మొరపెట్టుకున్నది మాత్రం అచ్చంగా అదే. ఖాళీ తొడుగుని బయటికి లాగే భాగం అందులో లేదు. తొడుగు ఒకసారి గొట్టంలో ఇరుక్కునేది, ఒకసారి వెనక గుంటలో ఇరుక్కునేది. దాన్ని పీకడానికి సైనికుడికి విడిగా ఒక పనిముట్టు ఇచ్చారు. ఎదుటివాడు కాలుస్తుంటే జేబులోంచి పనిముట్టు తీసి తొడుగు పీకే మనిషి పరిస్థితి ఏమిటి? ఈ ప్రశ్న షార్ప్స్ చేతిలో ఉన్నంతకాలం మనకి తట్టదు. గాలగర్ పట్టుకున్న మొదటి నిమిషంలోనే తడుతుంది. సెగ సమస్య తీరగానే తొడుగు ఊడదీసే సమస్య పుట్టిందని నాకు తెలిసింది ఈ కార్బైన్ వల్లే.

ఆ దారిలోనే నడిచి, కొంచెం మెరుగ్గా బయటపడ్డవి మూడున్నాయి. ఆంబ్రోస్ బర్న్‌సైడ్ కార్బైన్‌కి కోను ఆకారంలో ఇత్తడి తూటా. మూతి దగ్గర ఉబ్బెత్తు రింగు ఉంటుంది. ఆ రింగు సరిగ్గా అతుకులో కూర్చుని సెగని ఆపుతుంది. యుద్ధానికి ముందే బర్న్‌సైడ్ దివాలా తీసి పేటెంట్ చేజార్చుకున్నాడు. తర్వాత ఆయన సైన్యాధిపతిగా ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఘోరంగా ఓడిపోయాడు. ఆయన కార్బైన్ మాత్రం 55,000 దాకా అమ్ముడుపోయి, షార్ప్స్, స్పెన్సర్ తర్వాత మూడో స్థానంలో నిలిచింది. గిల్బర్ట్ స్మిత్ కార్బైన్‌కి రబ్బరు తూటా. గొట్టం మధ్యకి విరిచినట్టు వంగుతుంది, రబ్బరు తొడుగు అతుకుకి అటూ ఇటూ పరుచుకుని బాగానే మూస్తుంది. చేతిలో పట్టుకుంటే ఈ మూడింటిలో నాకు బాగా నచ్చేది స్మిత్. బరువు ఎక్కడుండాలో అక్కడుంది.

మూడోది మేనార్డ్. ఎడ్వర్డ్ మేనార్డ్ వాషింగ్టన్‌లో పేరున్న పళ్ళ డాక్టర్. ఆయన తూటాకి అడుగున వెడల్పాటి ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని మధ్యలో నిప్పు దూరడానికి సూదిబెజ్జం. ఆ బిళ్ళ వెడల్పు వల్ల వేళ్ళతో పట్టుకుని లాగితే తొడుగు వచ్చేస్తుంది. మళ్ళీ మందు నింపి ఎన్నోసార్లు వాడుకోవచ్చు. గాలగర్‌లో లేనిది సరిగ్గా అదే, వేలికి అందే అంచు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇంజినీరింగ్ చదివే పిల్లలకి కూడా ఒక్క మాట చెప్పక్కర్లేదు. మేనార్డ్ అంతకుముందే, 1845లో, ఇంకోటి కూడా కనిపెట్టాడు: కాగితం రిబ్బను మధ్యలో చిన్న చిన్న పేలుడు చుక్కలు పెట్టి, గుర్రాన్ని ఎత్తిన ప్రతిసారీ ఒక చుక్క ముందుకి జరిగే ఏర్పాటు. దీపావళికి మనం పిల్లల బొమ్మ తుపాకీలో వేసే రీలు కేపులు గుర్తొచ్చాయా? అచ్చం అవే. గుర్రం అన్నది ట్రిగ్గర్ నొక్కితే వచ్చి పడే సుత్తిని లెండి, అశ్వికదళం సంగతి కదా, పొరపడతారేమోనని చెప్తున్నాను.

స్టార్ కార్బైన్ దూరంనుంచి షార్ప్స్‌లాగే ఉంటుంది, పని మాత్రం అంత బాగా చేయదు. నిప్పు వెళ్ళే దారి సన్నగా, వంకరగా ఉండి మసి పట్టి పూడుకుపోయేది. మెరిల్‌లో పైనున్న లీవరు వేస్తే రాగి తలున్న కడ్డీ తూటాని ముందుకి తోస్తుంది. గిబ్స్ కథ వేరు. అది న్యూయార్క్‌లో తయారయ్యేది. 1863 జులైలో నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా జరిగిన అల్లర్లలో ఆ కర్మాగారం తగలబడిపోయింది. అప్పటికి సైన్యానికి అందినవి వెయ్యి పైచిలుకు మాత్రమే. అది ఓడిపోయింది తుపాకీగా కాదు, ఊరు తగలబడటం వల్ల.

ఇన్ని రకాలంటే ఇన్ని రకాల తూటాలు. దాదాపు ఏ రెండింటి తూటా ఒకటి కాదు. ఆయుధ విభాగానికి అధిపతిగా ఉన్న జేమ్స్ రిప్లీని కొత్త ఆయుధాలకి అడ్డుపడ్డ ముసలివాడని చాలా పుస్తకాలు తిడతాయి. ఆయన మొండితనాన్ని నేను సమర్థించను. కానీ రబ్బరు తూటాలు బర్న్‌సైడ్ రెజిమెంటుకి, ఇత్తడి కోనులు స్మిత్ రెజిమెంటుకి చేరితే ఏమవుతుందో అని ఆయన పడ్డ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. నా దగ్గరున్న తూటాలన్నీ ఒక ట్రేలో పరిచి చూపిస్తే, రిప్లీని తిట్టడానికి వచ్చినవాళ్ళు కూడా కాసేపు ఆలోచిస్తారు. దక్షిణాది సైన్యం విషయమూ ఇంతే. పట్టుబడిన షార్ప్స్‌కి వాళ్ళు గుడ్డ తూటాలు చుట్టుకోగలిగారు, రిచ్‌మండ్‌లో షార్ప్స్‌ నకళ్ళు కూడా చేశారు. స్పెన్సర్ దొరికితే మాత్రం, దాంతోపాటు దొరికిన రాగి తూటాలు అయిపోగానే అది కర్రతో సమానం.

గెలిచినవాటి మీద మోజు చరిత్రని ఎలా వంకరచేస్తుందో గెటిస్‌బర్గ్ చూపిస్తుంది. 1863 జులై 1 ఉదయం అక్కడ ఉత్తరాది జనరల్ బ్యూఫర్డ్ అశ్వికదళం గుర్రాలు దిగి నిలబడి శత్రు పదాతిదళాన్ని ఆపింది. వాళ్ళ చేతుల్లో ఏడు గుళ్ళ స్పెన్సర్‌లు ఉండటం వల్లే ఆపగలిగారని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. నిజానికి ఆ రోజు వాళ్ళ దగ్గరున్నవి ఒక్కో గుండు పెట్టి కాల్చే కార్బైన్‌లే. షార్ప్స్‌తోపాటు బర్న్‌సైడ్, గాలగర్, స్మిత్ లాంటివి కూడా. ఎవరికీ నచ్చని తుపాకులు పట్టుకున్నవాళ్ళు కూడా ఆ ఉదయమంతా నిలబడ్డారు. గొప్పదనాన్ని తుపాకీకి కట్టబెడితే వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

ఇదే మోజు కొనేవాళ్ళని మోసగాళ్ళ చేతుల్లో కూడా పెడుతోంది. నేషనల్ ఆర్కైవ్స్ రికార్డుల్లోంచి సీరియల్ నంబర్లు వెతికి, ఏ నంబరు ఏ రెజిమెంటులో ఉందో ప్రచురించిన పరిశోధకులు ఉన్నారు. ఎంతో ఓపికతో చేసిన పని అది. దాన్ని పట్టుకుని అమ్మేవాళ్ళు "ఈ షార్ప్స్ నంబరుకి అయిదు నంబర్ల అవతలది ఫలానా రెజిమెంటుదండీ" అని ధర పెంచేస్తారు. పక్క నంబరు వేరే రాష్ట్రానికి వెళ్ళి ఉండొచ్చు కదా! నంబరు నేరుగా రికార్డులో ఉంటే దానికి విలువ ఇవ్వండి. పక్కింటి నంబరుకి పైసా ఎక్కువ ఇవ్వద్దు. కథ ఎంత బాగుంటే తుపాకీని అంత జాగ్రత్తగా చూడాలి. గాలగర్ లాంటివాటికి కథలు కట్టే శ్రమ ఎవరూ పెట్టుకోరు కాబట్టి, మీ చేతికి వచ్చేది తుపాకీ మాత్రమే అయ్యే అవకాశం ఎక్కువ.

కొనేముందు చూడాల్సినవి కూడా చెప్తాను. చెక్క ఎడమవైపున తనిఖీ అధికారి పొడి అక్షరాల ముద్ర ఉంటుంది. దాని అంచులు మెత్తగా అరిగి కనిపిస్తే ఎవరో గరుకు కాగితంతో చెక్కని రుద్దేశారని అర్థం. ఎడమపక్క సన్నని కడ్డీకి తొడిగిన రింగు ఉందో లేదో, ఆ కడ్డీ అసలుదో కొత్తదో చూడండి. సైనికుడు భుజం మీదుగా వేసుకున్న తోలు పట్టీ కొక్కెం తగిలించేది ఆ రింగుకే. దాని ఒరిపిడికి పక్కనున్న ఇనుము కొద్దిగా అరిగి ఉంటుంది. అది నకలు చేయడం కష్టం. బ్రీచ్ (గొట్టం వెనక తెరుచుకునే భాగం) తెరిచి, సెగ తగిలే చోట గుంటలు పడ్డాయేమో చూడండి. కొన్నాక దయచేసి పాలిష్ మాత్రం పెట్టొద్దు. ఆ గోధుమరంగు పొర మురికి కాదు, నూటఅరవై ఏళ్ళ వయసు. మెత్తటి గుడ్డ, కొద్దిగా నూనె చాలు. తళతళా మెరిసేలా తోమిన కార్బైన్‌ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మళ్ళీ వెనక్కి తెచ్చుకోలేనిది పోయింది కదా.

మన తెలుగువాళ్ళలో చాలామంది నన్ను సూటిగా అడుగుతారు: తుపాకుల వల్ల రోజూ ప్రాణాలు పోతున్న దేశంలో ఉంటూ ఈ సరదా ఏమిటని. న్యాయమైన ప్రశ్న. ఇది సరదా కాదని నా జవాబు. నేను వీటిని కాల్చను, కాల్చాలని లేదు. వీటి తూటాలు దుకాణంలో దొరికేవి కావు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవాటిని అమెరికా కేంద్ర చట్టం పురావస్తువుగానే చూస్తుంది. నా దగ్గరున్నవన్నీ తాళంవేసిన గదిలోనే ఉంటాయి, పిల్లలు ఒంటరిగా ముట్టుకోరు. ఇక చంపే వస్తువుని ప్రేమించడం గురించి: గెలిచిన ఆయుధాల్ని వరసగా పేర్చి మురిసిపోయే సేకరణ అంటే నాకూ ఇబ్బందే. విఫలమైన కార్బైన్ అలా మురిసిపోనివ్వదు. ఇరుక్కున్న తొడుగుని చూస్తే దాన్ని పీకుతున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. వాడు ఏ పక్షం వాడైనా సరే.

ఇండియాలో ఉన్న పాఠకులకి ఒక మాట. ఇక్కడి చట్టం అక్కడ పనికిరాదు. 1959 నాటి ఆయుధ చట్టం 45వ సెక్షను మినహాయింపు ఇచ్చేది పాతబడిన, పురాతన విలువ ఉన్న, లేదా పాడైపోయిన ఆయుధాల్లో, రిపేరు చేసినా చేయకున్నా కాల్చడానికి పనికిరానివాటికే. కాల్చగలిగేదైతే ఎంత పాతదైనా లైసెన్సు కావాలి. వందేళ్ళు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. తాతల నాటి తుపాకీ అటక మీద ఉంటే దాచొద్దు, అమ్మొద్దు, ముందు లాయరుని అడగండి. చూడాలనుకునేవాళ్ళకి హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీ ఉంది. ఈ కథకి మన దేశంతో నేరుగా ఒక సంబంధం కూడా ఉంది: 1850ల్లో బ్రిటన్ కొన్న 6,000 షార్ప్స్ కార్బైన్‌లలో కొన్ని 1857 తిరుగుబాటు కాలంలో అక్కడి బ్రిటిష్ అశ్వికదళానికి చేరాయి.

మళ్ళీ ఇరుక్కున్న తొడుగు దగ్గరికి వస్తాను. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వెనక మూత పైకి లేచే స్ప్రింగ్‌ఫీల్డ్ 1873 కార్బైన్‌ని ఎంచుకుంది. రాగి తూటా, ఖాళీ తొడుగుని బయటికి నెట్టే ఏర్పాటు, రెండూ ఉన్నాయి. సెగ సమస్య పూర్తిగా తీరింది. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయెన్ ఆదివాసీ తెగల యోధుల చేతిలో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయింది. తొడుగులు ఇరుక్కోవడం వల్లే ఓడిపోయారని వెంటనే ఒక ప్రచారం లేచింది. 1983లో అక్కడి గడ్డి తగలబడి నేల బయటపడ్డాక పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి, దొరికిన తొడుగుల్ని ఒక్కోటీ పరీక్షించారు. కత్తితో పీకిన గుర్తులున్నవి దొరికాయి, కానీ కొన్నే. ఓటమికి అది కారణం కాదు. ఎదుటివాళ్ళు ఎక్కువమంది, వాళ్ళు బాగా పోరాడారు. అయినా ఆ కొన్ని గుర్తులూ పడింది సైనికుల వేళ్ళ కిందే. మొదట ఇచ్చిన కార్బైన్‌లో ఇరుక్కున్న తొడుగుని పొడిచి తోసే కడ్డీ లేదు. 1877 మోడల్‌కి తుపాకీ మడమలో (భుజానికి ఆనించే చెక్క చివర) అర చేసి, అందులో ముక్కలుగా విడదీసే కడ్డీ, తెగిన తొడుగుని లాగే పనిముట్టు పెట్టారు.

గాలగర్ సైనికుడి జేబులో ఉన్న పనిముట్టు పదిహేనేళ్ళ తర్వాత తుపాకీలోకే వచ్చి చేరిందన్నమాట. అందుకే నా గదిలో గాలగర్ పక్కన షార్ప్స్ ఉండదు, 1877 స్ప్రింగ్‌ఫీల్డ్ ఉంటుంది, రెండింటి మధ్యా ఆ పనిముట్లు. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా నన్ను అడిగితే ఒక స్పెన్సర్‌కి పెట్టే డబ్బుతో ముందు గాలగర్, మేనార్డ్ వెతకమంటాను, వాటి అసలు తూటాలతో సహా. తూటా లేకుండా ఈ రెండింటిలో ఏదీ అర్థం కాదు.